చివరి ఐదు ముడులు

మొన్న వరంగల్ మట్టెవాడలో మా సందులోకి బోరు బండి వచ్చింది. గొట్టం రాయికి తగలగానే బూడిదరంగు పిండి లేచి గడపల మీద పరుచుకుంది. తడిసిన రాతిపిండి వాసన ముక్కుకు తగిలితే నేను ఉన్నచోట ఉండలేను. అందరూ తలుపులు వేసుకుంటే నేను అరుగు మీద కూర్చొని ఆ పిండిలో వేలితో అంకెలు వేశాను. ఎవరైనా చూస్తారని కాదు, సిగ్గేసి చెరిపేశాను.

నలభై దాటేవరకు నాకు సంతకం రాదు. బోరు బండ్ల మీద గొట్టాలు బిగించేవాణ్ణి. కాలేజీలో రాళ్ల గురించి పాఠం చెప్పే ఒక సారు ఏటూరునాగారం ఇవతల అడవి అంచున బోరు వేయిస్తూ నన్ను పనిలో పెట్టుకున్నాడు. మేమంతా ఆయన్ని రాళ్ల సార్ అనేవాళ్లం. నీళ్లు పడకపోతే సంతోషపడే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

"కింద రాయి ఉడుకుతాంది కొమురయ్యా. ఇంకా లోతుకు రెండు బోర్లు కొట్టి, ఒకదాంట్ల నీళ్లు పంపితె ఇంకోదాంట్ల ఆవిరై వస్తయి. ఆ ఆవిరితోని చక్రం తిప్పితె కరెంటు. బొగ్గు వద్దు, పొగ లేదు" అన్నాడు.

"మా ఇంటామె రోజూ పప్పు ఉడకబెడ్తది సార్. ఒక్క బల్బన్న వెలగలే" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకొని మరీ నవ్వాడు.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, బోరు పక్కన కుప్పపడ్డ రాతిపిండిని అరచేత్తో చదును చేసి, పుల్లతో నాకు అంకెలు దిద్దించేవాడు. "అక్షరాలు తర్వాత. ముందు వేడి రాయడం రావాలె నీకు" అనేవాడు. నా ఏడు అంకె వంకరపోతుంటే నా వేలు పట్టుకొని తిప్పించేవాడు. ఆ వయసులో నా చేయి పట్టుకొని రాయించిన మనిషి ఆయనొక్కడే.

మా పని చెప్తాను. తీగ చివర వేడి చూసే కడ్డీ, పైన అంకెలు చూపించే డబ్బా. తీగకు లోతు గుర్తుగా వరుసగా ఎర్ర గుడ్డ ముడులు. ఒక్కో ముడి బోరులోకి దిగాక కడ్డీని అరగంట కదపకుండా ఉంచి, అప్పుడు డబ్బాలో అంకె చూసి బుక్కులో రాయాలి. "తొందరపడితె అది పైనున్న వేడే చెప్తది. రాయి మాట వినాలంటె జర కూసోవాలె" అనేవాడు సారు.

ఒకరోజు ఆయనకు జ్వరం వచ్చింది. చేతి గడియారం విప్పి నా చేతికి పెట్టి, "నువ్వే రాయి. ఇప్పుడు నీకొస్తది" అని గదిలో పడుకున్నాడు. చివరి ఐదు ముడులు మిగిలేసరికి ఎండ తిరిగింది. వరంగల్ ఆఖరి బస్సు ఇంకో గంటలో ఉంది. పైముడులన్నిటికీ వేడి ఒకే తీరుగా పెరిగింది. అదే తీరుగా మిగతా ఐదూ నేనే పెంచి రాశాను. నిజంలా కనపడాలని చివరిదానికి ఇంకొంచెం కలిపాను. కడ్డీని ఆ లోతుకు దించనే లేదు. నేర్చుకున్న అంకెలతో నా అంతట నేను చేసిన మొదటి పని అది.

మర్నాడు సారు బుక్కు చూసి, "నీ ఏడు ఎంత చక్కగ వచ్చిందయ్యా" అన్నాడు. అది ఐదు ముడుల్లోని ఏడే.

ఆ లెక్క నమ్ముకొని సారు లోతు బోర్ల కోసం పెద్ద ఆఫీసుకు రాశాడు. అక్కడి నుంచి ఇద్దరు వచ్చి తమ కడ్డీ దించారు. చివరి ఐదు ముడుల దగ్గర వేడి పెరగడం ఆగిపోయింది. కింద చీలికలో చల్లటి ఊట ఉంది, అది రాయిని చల్లబరుస్తోంది. ఆ సంగతి ముందే తెలిస్తే సారు ఇంకోచోట చూసి ఉండేవాడు, వాళ్లను అప్పుడే పిలిచేవాడు కాదు. వాళ్లలో ఒకడు బుక్కు తిరగేసి, "ఇంట్ల కూసోని రాసినట్టున్నది సార్ ఇది" అన్నాడు. సారు నా రాత వైపు చూసి, "కొలత నాది. తప్పు నాదే" అన్నాడు. నేను తీగ చుడుతూ తల వంచుకున్నాను. వాళ్లు మళ్లీ రాలేదు. లోతు బోర్ల మాట అంతటితో పోయింది.

తిరుగు బస్సులో ఆయన మెల్లగా అడిగాడు.

"కొమురయ్యా, ఆ రోజు కడ్డీ అడుగుదాక పోయిందా?"

"పోయింది సార్."

"అరగంట ఉంచినవా?"

"ఉంచిన సార్."

"అయితే మిషనే చెడిపోయినట్టుంది" అన్నాడు. గడియారం ఇవ్వబోతే, "నీ దగ్గర్నే ఉండనియ్" అని, సంచిలోంచి పలక తీశాడు. "పట్టు. ఇయ్యాల ఒత్తులు నేర్చుకుందాం."

తిడితే సరిపోయేది. పనిలోంచి తీసేస్తే ఇంకా బాగుండేది. నేను పేపరు చదివేదాకా ఆయన నన్ను వదల్లేదు. కాలేజీలో తోటివాళ్లు ఆయన్ని "ఉడుకు రాళ్లు ఎట్లున్నయి సార్" అని ఎగతాళి చేసేవాళ్లు. అది విన్న రోజు కూడా నేను నిజం ఒప్పుకోలేదు. ఆయన పోయిన సంగతి నేను పేపర్లోనే చదివాను.

పోయిన నెల మా ఇంటామెకు జ్వరం వస్తే చంకలో థర్మామీటరు పెట్టాను. అది కూత పెట్టినా తీయలేదు.

"అరిచింది గద, తీయరాదు. ఇంకెంతసేపు?" అంది.

"జర ఉండు" అన్నాను. నా చేతికి ఆయన గడియారమే ఉంది.

ఉంచలేదు సార్. ఒత్తులన్నీ వచ్చాక కూడా, ఈ రెండు మాటలు రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.