మామయ్య పోలిక ఇంకా తేలలేదు

"మీకు వాయించడం రాదు. మరి ఇన్ని గిటార్లెందుకండీ?"

వైరింగు బాగుచెయ్యడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీంచే మా మామయ్యను ఈ మాట అడిగాడు. బంధువులందరం ఏళ్ల తరబడి మర్యాదకని మింగేసిన ప్రశ్నను అతను ఫ్యూజు మారుస్తూ అడిగేశాడు.

"పోల్చడానికి," అన్నాడు మామయ్య. "దిగు. కళ్లు మూసుకో."

క్షణంలో ఎలక్ట్రీషియన్ కుర్చీలో ఉన్నాడు, కళ్లకు తువ్వాలు బిగించి ఉంది. మామయ్య ఒక బేస్ గిటారు అందుకుని, అన్నిటికన్నా లావుపాటి తీగను బొటనవేలితో ఒక్కసారి మీటాడు. కిటికీ అద్దం గుర్రుమంది. దాన్ని దించి, ఇంకోటి తీసి అదే తీగ మీటాడు.

"ఏది బాగుంది?"

"రెండోదండీ."

"ఎందుకు?"

"మొదటిది కడుపులో తగిలింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

మామయ్య ఆ జవాబును చాలా గౌరవంగా తీసుకున్నాడు. అత్తయ్యతో అతనికి అన్నం పెట్టించి, చెయ్యి కడుక్కున్నాక మళ్లీ తువ్వాలు కట్టాడు.

మా మామయ్య సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, పోల్చకుండా ఉండలేడు. ఇన్సూరెన్సు ఏజెంటు, పార్సిలు తెచ్చినవాడు, అద్దెకు ఇల్లు వెతుక్కుంటూ పొరపాటున తలుపు కొట్టినవాళ్లు, అందరూ ఆ తువ్వాలు కిందికి వెళ్లొచ్చినవాళ్లే. బేస్ గిటారంటే తెలియనివాళ్లకు చెబుతున్నాను: నాలుగే తీగలు, అన్నీ లావు. పాటలో అది ఇంటికి పునాది లాంటిది. ఉన్నంతకాలం ఎవరూ దాని వంక చూడరు, లేకపోతే గోడ పగులుతుంది. ఫ్యాక్టరీలో పోత పోసినట్టు వచ్చేవాటిని మామయ్య ముట్టుకోడు. ఎవరో ఒక మనిషి చెక్క ఎంచి, కోసి, చెక్కి, నునుపు పట్టించినవే కావాలి. అలాంటివి ఇంటినిండా ఉన్నాయి. బీరువా వెనక, మంచం కింద, పిల్లలు ఖాళీ చేసిన గదిలో. బట్టలు ఆరెయ్యడానికి చోటు లేదని అత్తయ్య ఒకసారి వాటి మెడల మీద తడి లంగాలు ఆరేసింది. మామయ్య కోప్పడలేదు. తడిసిన మెడకూ పొడి మెడకూ తేడా విన్నాడు.

కళను ఉద్ధరిస్తున్నామని చెప్పుకునేవాళ్లంటే నాకు పడదు. సంగీతం పేరు చెప్పగానే కళ్లు అరమోడ్చేవాళ్లంటే అసలే పడదు. మామయ్య ఆ రెండు రకాలూ కాదు. ఆయనకు వచ్చిన సంగీతమంతా ఆ ఒక్క తీగ మీద ఆ ఒక్క దెబ్బ.

అయితే రిటైరయ్యేదాకా ఆయన చేసిన ఉద్యోగమే పోల్చడం. రంగుల కంపెనీలో షేడు చూసేవాడు. కొత్తగా కలిపిన రంగు పాత నమూనాతో సరిపోయిందా లేదా తేల్చాలి. యంత్రం గింజుకుని అంకెలు కక్కేలోపు మామయ్య రెండు సెకన్లలో "పోయింది, ఎరుపు ఒక చుక్క ఎక్కువ" అనేవాడు. తెలుపులోనే పాల తెలుపు, ముత్యపు తెలుపు, గుడ్డు పెంకు తెలుపు అని దూరం నుంచి విడదీసేవాడు. యంత్రం ఆయనతో ఒప్పుకోకపోతే కంపెనీవాళ్లు యంత్రాన్ని రిపేరుకు పంపేవాళ్లు. ఇది కట్టుకథ కాదు. కొంచెం మాత్రమే పెంచాను.

"మరి నన్ను దేనితో పోల్చి చేసుకున్నారు?" అని అత్తయ్య ఓసారి అడిగింది.

"ఆ రోజు మీవాళ్లు రెండో నమూనా చూపించలేదు," అన్నాడు.

అలాంటి మనిషి ఇంట్లో ఒక్క తీర్పూ చెప్పడు. ఏ రెండు గిటార్లలో ఏది మేలని అడిగినా ఒకటే మాట: "ఇంకా తేలలేదు." ఆ మాట మా ఇళ్లల్లో సామెతైపోయింది. కూర ఉడికిందా అంటే తేలలేదు. అల్లుడు మంచివాడేనా అంటే తేలలేదు.

ఆ తేలకపోవడాల్లోకెల్లా పెద్దది కవలల వ్యవహారం. ఒక మేస్త్రి ఒకే పలకను రెండుగా కోసి, పక్కపక్కన పెట్టుకుని రెండు బేస్‌లు చేశాడు. "వీటికి తేడా ఉంటే నా ఉలి విరిచేస్తాను," అన్నాడు. మామయ్య రెండిటికీ చెవి ఆనించి, "ఉలి జాగ్రత్త," అన్నాడు. మేస్త్రి వారం రోజులు మాట్లాడలేదు. మామయ్య రెండూ కొన్నాడు. ఏది మేలని అడిగితే ఏమన్నాడో మీకు తెలుసు.

ఇక్కడ బొంగురు వస్తాడు. పగలు లిఫ్టులు రిపేరు చేస్తాడు, శనివారాలు హోటల్లో బ్యాండుతో బేస్ వాయిస్తాడు. గొంతు కూడా వాద్యానికి తగ్గట్టే ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఎవరి దగ్గరా ఊరికే ఏదీ పుచ్చుకోడు. టీ ఇస్తే తాగి, సాసరు కింద చిల్లర పెట్టి పోతాడు. అత్తయ్య వీధి చివరిదాకా తరిమి ఆ చిల్లర జేబులో కుక్కి వచ్చేది. మళ్లీ వచ్చినప్పుడు రెండు టీల డబ్బు ఉండేది.

ఒక శనివారం మామయ్య హోటలుకు వెళ్తే బ్యాండు ఉంది, బొంగురు లేడు. భార్య ఆపరేషన్‌కు గిటారు అమ్మేశాడని తెలిసింది. మర్నాడు మామయ్య కవలల్లో ఒకదాన్ని నా కారులో పెట్టించి అతని ఇంటికి బయల్దేరాడు.

"వాయించడం నాకు రాదోయ్ బొంగురూ. ఈ రెండిట్లో ఏది మేలో వాయించేవాడే చెప్పాలి. ఇది నీ దగ్గరుంచు, అది నా దగ్గరుంటుంది. నెలకోసారి తెచ్చి పోల్చు. తేలాక ఇచ్చెయ్."

"ఊరికే తీసుకోను అన్నగారూ."

"ఊరికే ఎవడిచ్చాడు? పని చెబుతున్నాను. కూలి కూడా ఇవ్వను. నష్టమంతా నీకే."

నష్టమని రూఢి అయ్యాక బొంగురు ఒప్పుకున్నాడు. ఆపరేషనైన మనిషి ఇంట్లో ఉంటే వెట్టిచాకిరీ అంటగట్టాడని దారంతా నేను మామయ్యను తిట్టాను. ఆయన కిటికీలోంచి రోడ్డు పక్క గోడల రంగులు చూస్తూ కూర్చున్నాడు.

ఎనిమిదేళ్లు నడిచిందది. నెలకోసారి బొంగురు పెట్టె మోసుకుని రావడం, రెండూ వాయించడం. తేలిందా అంటే తేలలేదండీ అనడం.

ఈలోగా మేస్త్రి చేతులు వణుకుతున్నాయని పని మానేశాడు. ఆయన గిటార్లకు రేటు పెరిగింది. క్లినిక్కు గోడనిండా బేస్‌లు తగిలించుకున్న ఒక పళ్ల డాక్టరు వచ్చి కవలలను జతగా అడిగాడు. ఆయన చెప్పిన ధరకు అత్తయ్య వంటింటి కప్పు కొత్తగా వేయించవచ్చు. ఆ కప్పు కారుతోంది. పొయ్యి పక్కన బకెట్టు ఉంటుంది. చుక్క పడ్డప్పుడల్లా మామయ్య ఆ చప్పుడు ఏ గిటారు స్వరానికి దగ్గరగా ఉందో చెబుతాడు, అత్తయ్య చేతిలో గరిటె ఉందో లేదో చూసుకుని.

"పోలిక తేలకుండా ఎలా అమ్మను?" అన్నాడు మామయ్య.

"ఆయన రెండూ కొంటానంటే ఇంక తేలేదేమిటండీ?" అంది అత్తయ్య.

మామయ్య లేచి బకెట్టు మార్చాడు.

రెండు రోజుల తర్వాత, నెల తిరక్కుండానే, బొంగురు ఖాకీ బట్టల్లో పెట్టెతో సహా దిగాడు. నేనక్కడే ఉన్నాను. పళ్ల డాక్టరు క్లినిక్కులో లిఫ్టు ఆగితే బాగుచెయ్యడానికి వెళ్లాడట. కవలల బేరం కబుర్లన్నీ ఆయనే చెప్పాడట.

"తేలింది అన్నగారూ. మీ ఇంట్లోదే మేలు. ఇదిగో ఇది మీకప్పగిస్తున్నా."

ఎనిమిదేళ్లుగా తీర్పు కావాలని పోరిన మనిషి, తీర్పు చేతికొస్తే, పాల తెలుపూ సున్నపు తెలుపూ ఒకటేనని ఎవరో అన్నట్టు చూశాడు.

"ఎలా తేలింది?"

"కింది స్వరం మీదాంట్లో నిండుగా ఉంది."

"నీ తీగలు పాతవి."

"పోయిన నెలే వేశానండీ."

"అదే చెబుతున్నా. కొత్త తీగలు అబద్ధాలాడతాయి."

"మరి పాతవో?"

"పాతవి అసలు నోరే విప్పవు."

"నిజం చెప్పే తీగలేవండీ?"

"రెండిటికీ ఒకే రోజు వేసినవి."

బొంగురు మొండివాడే గానీ తెలివైనవాడు. "అయితే వదినగారిని అడుగుదాం. ఆవిడ మాటే ఆఖరు."

మామయ్య మొహం మాడింది. వదినగారికి కప్పు కావాలని ఇంట్లో చుక్క చుక్కా చెబుతోంది.

అత్తయ్య చెయ్యి తుడుచుకుని వచ్చి కూర్చుంది. ఇన్నేళ్లలో ఆవిడ తువ్వాలు కట్టించుకోవడం అదే మొదటిసారి. బొంగురు ఒక్క దెబ్బతో సరిపెట్టలేదు. శనివారాలు వాయించే పాటలో తన వంతు మొత్తం ఇంట్లోదాని మీద ఒకసారి, తను తెచ్చినదాని మీద ఒకసారి వాయించాడు. వేళ్లు తీగల మీద నడుస్తుంటే గది కింద ఎవరో కొత్త నేల పరిచినట్టయింది. మధ్యలో వంటింట్లోంచి టప్పుమని చుక్క.

"ఇంకోసారి," అంది అత్తయ్య.

మళ్లీ వాయించాడు. ఆవిడ తువ్వాలు విప్పి, మడతపెట్టి, ఒళ్లో పెట్టుకుంది.

"తేలలేదు," అంది.

"వదినగారూ, కప్పు కారుతోంది."

"కారేది నా వంటింట్లో. నీకేం బాధ? పెట్టె తీసుకుని బయల్దేరు. అంతకుముందు టీ తాగు. సాసరు కింద చిల్లర కనపడిందంటే ఆ బకెట్టు నీ నెత్తిన బోర్లిస్తాను."

"రెండిటికీ కొత్త తీగలు కొనుక్కురా," అన్నాడు మామయ్య. "ఒకే రోజు వేద్దాం. సగం డబ్బు నేనిస్తా. మళ్లీ మొదటినుంచి."

బొంగురు వెళ్లాక నేను పట్టుకున్నాను. "తెలుపు మీద తెలుపు రెండు సెకన్లలో తేల్చేవాడివి. వీటిలో ఏది మేలో నీకు మొదటి రోజే తెలుసు కదూ మామయ్యా?"

"తెలియకుండానే దాన్ని వాడికిచ్చానా ఏమిటే?" అన్నాడు.

మా కుటుంబంలో డాక్టరేట్లు మూడున్నాయి, అందులో ఒకటి నాది. మీ ఇంట్లో గొప్పవాళ్లెవరని అడిగితే మాత్రం నేను తువ్వాలున్న ఇంటికే దారి చూపిస్తాను.

కప్పు మీద బొంగురు ఎక్కడిదో రేకు తెచ్చి వేశాడు. కూలి అడిగి మరీ పుచ్చుకున్నాడు. చుక్కలు తగ్గాయి, ఆగలేదు. పోలిక సాగుతోంది. తీగలు తెచ్చిన రోజు నుంచి అతను సాసరు కింద చిల్లర పెట్టడం మానేశాడు. "నాకే రావాలిగా వదినగారూ," అని రెండో టీ కూడా అడుగుతున్నాడు. పోనీ ఆ తీగల సగం డబ్బు నేనిచ్చేస్తానంటే మామయ్య కళ్లెర్రజేశాడు. టీలతో చెల్లయిపోయిందనుకోవచ్చా అంటే, చెల్లదని రెండు సెకన్లలో తీర్పు చెప్పాడు.

తీగలు వేసి రెండేళ్లయింది. వాటి ఖరీదులో సగం మామయ్య బొంగురుకు ఇంకా బాకీ.