లంక చేలో మల్లి

దాటే మనిషి లేని గట్టు మీద ఒక గుర్రం పక్కకు జరిగి ఎవరికి దారి ఇచ్చింది? నాలుగేళ్లుగా ఆలోచిస్తున్నాను. ఈ వయసులో నిద్ర తక్కువ, ఆలోచించడానికి కావలసినంత తీరిక. అయినా జవాబు దొరకలేదు.

నాగదుర్గ గోదావరి మధ్యనున్న మా లంకకు కోడలిగా వచ్చింది. ఆమె భర్త బుల్లియ్యకు మల్లి అని ఒక తెల్ల గుర్రం ఉండేది. పెళ్లి ఊరేగింపులకు దాన్ని బల్లకట్టు లాంటి పంటు మీద గోదావరి దాటించి, పాలకొల్లు, మండపేట దాకా తోలుకెళ్లేవాడు. మల్లిని కడగడం, మేపడం, తోకకు జడ అల్లడం నాగదుర్గ పని. పగ్గం మాత్రం ఆమె ఎన్నడూ పట్టలేదు. పెళ్లికొడుకు ఎక్కే గుర్రాన్ని ఆడవాళ్లు నడిపించకూడదని బుల్లియ్య పట్టింపు. అతను ఎప్పుడూ దాని ఎడమ పక్కన, చెవికి దగ్గరగా ఏదో గొణుగుతూ నడిచేవాడు. ఏం చెబుతావయ్యా అని అడిగితే, "అది మా ఇద్దరి మాటండి మేస్టారూ. మా ఆవిడక్కూడా చెప్పలేదు" అని నవ్వేవాడు.

ఒక వేసవిలో అతను గుండె ఆగి పోయాడు. మా వైపు పెద్దకర్మ నాడు పోయిన మనిషి బట్టలు గోదావరిలో వదిలేస్తారు. ఇంట్లో ఆడవాళ్లు చొక్కాలు, దుప్పటి, తువ్వాలు మూటగట్టారు. చేతి చెమటకు నల్లబడిన పగ్గాన్ని కూడా అందులోనే కట్టేశారు. మల్లికి తెలిసిన పగ్గం అదొక్కటేనని ఎవరికీ తట్టలేదు.

ఆ తర్వాత మల్లి తను మేసే చేను దాటలేదు. కొత్త నైలాను తాడు వేసి లాగితే నాలుగు కాళ్లూ నేలలో దిగేసినట్టు నిలబడేది. తన్నేది కాదు, కరిచేది కాదు. దాని చూపు మన భుజం మీదుగా వెనక్కి పోయేది. నేనూ ఒకసారి తిరిగి చూశాను. కదలని అరటాకులు తప్ప ఏమీ లేవు.

"అమ్మేయవే దుర్గా, తిండి దండగ" అంది ఆమె తోడికోడలు రామతులసి.

"కొన్నోడు మాత్రం ఎలా తీసుకెళ్తాడక్కా? చేనుతో సహా కొనాలి" అంది నాగదుర్గ.

శ్రావణంలో వరద వచ్చింది. రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని పొద్దున్నుంచీ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మధ్యాహ్నానికి పంటు నడిపే సుకుమార్ చేలోకి వచ్చాడు. అప్పటికి నేనూ అక్కడే ఉన్నాను.

"ఇదే ఆఖరి ట్రిప్పండి. రేవు మునిగిపోతోంది. గుర్రం వస్తే వస్తుంది, మీరు మాత్రం బయల్దేరండి."

"అది రాకపోతే నేనూ రానండి."

"ఏంటండీ ఈ మాటలు? గుర్రం కోసం మునిగిపోతారా?"

"నాకింకెవరున్నారండీ? దాన్నిక్కడ వదిలేసెళ్లి ఎవరి మొహం చూడను?"

సుకుమార్ వెనక నుంచి తోశాడు. ఆమె ముందు నుంచి లాగింది. బెల్లం చూపించింది. ఈలోగా నీళ్లు చేలోకి పాకి గిట్టలు తడిపాయి. గాలి లేదు, పిట్ట అరుపు లేదు. అంత నీరు చప్పుడు లేకుండా రావడం నేనెప్పుడూ చూడలేదు.

ఆమె తాడు వదులు చేసింది. మల్లికి ఎడమ వైపు, ఎవరూ లేని చోటుకు తిరిగింది. ఇంట్లో మొగుడితో దెబ్బలాడే గొంతుతోనే అంది:

"ఏవండీ, వింటన్నారా? ఎంతసేపు దాన్నలా పట్టుకు నిలబడతారు? నీళ్లొచ్చేత్తన్నాయి. నా మాట వినదది. మీరే చెప్పండి."

సుకుమార్ నవ్వబోయి ఆగిపోయాడు. మల్లి ఎడమ చెవి మెల్లగా పక్కకు తిరిగింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత అడుగేసింది.

గట్టు సన్నం. ముందు నాగదుర్గ, వెనక మల్లి, దాని వెనక మేమిద్దరం. తాడు బిగుసుకోలేదు, వేలాడుతూనే ఉంది. సగం దూరంలో మల్లి ఆగి, కుడి అంచుకు ఒత్తుకుని నిలబడింది. ఒక గిట్ట నీళ్లలోకి జారుతున్నా అటే జరిగింది. ఎడమ వైపు ఒక మనిషి పట్టేంత ఖాళీ వచ్చింది. ఆ మనిషి దాటాక అన్నట్టు, మళ్లీ నడిచింది.

సుకుమార్ నా చెయ్యి పట్టుకున్నాడు. "మేస్టారూ, గట్టు మీద మనం ఎంతమందిమండీ?"

"ముగ్గురం."

"ఆయ్" అన్నాడు. రేవు దాకా నా చెయ్యి వదల్లేదు.

పంటు నిండా జనం, మూటలు, మేకలు. అయినా మల్లి ఎడమ పక్కన చోటు ఖాళీగానే ఉంది. రామతులసి తన మూట అక్కడ పెట్టబోయింది.

"అక్కడొద్దక్కా" అంది నాగదుర్గ, తల తిప్పకుండా.

రామతులసి మూటను ఒళ్లోనే పెట్టుకుంది.

మా లంకలో ఎంత తొందరున్నా, ఎంత కోపమున్నా, "వస్తానండి" అనకుండా ఎవరూ కదలరు. అవతలి ఒడ్డున పంటు ఆగగానే నాగదుర్గ మల్లితో దిగింది. నేను పలకరింపుగా చెయ్యెత్తాను. ఆమె చూడలేదు. ఏటిగట్టు ఎక్కుతూ, ఎవరి మాటకో సరేనన్నట్టు తలూపింది. మల్లి కూడా అటే చెవి వేసి నడిచింది. మలుపు దగ్గర తెల్లటి వీపు ఒకసారి కనిపించింది. నాగదుర్గ వస్తానని మాలో ఒక్కరికీ చెప్పకుండానే వెళ్లిపోయింది.