లచ్చవ్వ చేనులో హద్దురాయి

ఆదిలాబాద్ విమానాల మైదానాన్ని పెంచుతున్నారు. నేను సర్వే గుమాస్తాని. పోయిన వారం కొలత తప్పి, లచ్చవ్వ పత్తిచేనులో సున్నం కొట్టిన హద్దురాయి పాతాం. ఇవాళ దాన్ని పీకేద్దామని సంతోషంగా వెళ్లాను. చూస్తే రాయికి పసుపు, కుంకుమ, ముందు కొబ్బరిచిప్ప! కూలీలు గడ్డపారలు కింద పెట్టేశారు.

"రాయి పీకితేనే నీ చేను నీకు దక్కుతది అవ్వా. పీకుమని వీళ్లకు నువ్వన్నా చెప్పు" అన్నాను లచ్చవ్వతో.

"చేను పోవద్దని గా రాయికే మొక్కిన సారూ. నా మొక్కు ఇన్నది గద! గసొంటి దేవుణ్ని పీకుమని ఎట్ల చెప్త?" అంది.

నేనే పీకుదామని వంగాను. చెయ్యి రాలేదు.

ఆమె మొర రాయి విన్నది, నేనూ విన్నాను. రేపు కంచె వేసేవాళ్లు మాత్రం రాయి ఎక్కడుందో అదొక్కటే చూస్తారు. మీరైతే ఏం చేసేవారో కాస్త చెప్పండి.