సార్ నోరు విప్పని ఫుట్‌బాల్ మ్యాచ్

మా చిన్నప్పుడు... ఎల్బీనగర్ చౌరస్తాలో, నడిరోడ్డు మీద, వేడివేడి అన్నం పప్పు విస్తట్లో పెట్టించుకుని ముట్టకుండా మొండికేసి కూర్చున్నాం. నేనొక్కదాన్నే కాదు... మా బడి ఆడపిల్లల ఫుట్‌బాల్ టీమ్ మొత్తం.

అవి తెలంగాణ రాష్ట్రం కోసం సాగిన సకల జనుల సమ్మె రోజులు. బస్సులు లేవు, బడి లేదు. మాది వనస్థలిపురంలో సర్కారు బడి, సార్లంతా సమ్మెలోనే ఉన్నారు. రోజూ ఏదో ఒక చౌరస్తాలో వంటావార్పు... రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, బగోనల్లో వండి, బంతి కూర్చుని తినేవాళ్ళు. దారిన పోయేవాళ్ళు కూడా రెండు ముద్దలు తినాల్సిందే, ఊరికే పోనిచ్చేవాళ్ళు కాదు.

సరిగ్గా అప్పుడే మా మ్యాచ్ వచ్చిపడింది. దేశమంతటా స్కూళ్ళు ఆడే కప్పు అది, ఫైనల్ ఢిల్లీలో. ఢిల్లీ సంగతి దేవుడెరుగు, జిల్లాలో మొదటి రౌండు దాటితే చాలు మాకు. నాకౌట్ కదా... ఒక్కసారి ఓడామా, మళ్ళీ ఏడాది దాకా ఎదురుచూడాలి. మేం ఏటా మొదటి మ్యాచ్‌కే మూటాముల్లె సర్దుకుని ఇంటికొచ్చేవాళ్ళం.

మా కెప్టెన్ స్వరూపక్క పదో తరగతి. దేవరకొండ వైపు నుంచి వచ్చిన కుటుంబం, నాన్న ఆటో నడిపేవాడు. అక్కకు అదే ఆఖరి ఏడు. ఒక్క మ్యాచన్నా గెలిచాకే ఈ బడి విడుస్తానని ఏడాదంతా అదే పాట. నేనప్పుడు ఏడో తరగతి, అక్క వెనకాల తోకని.

మ్యాచ్ మధ్యాహ్నం, దిల్‌సుఖ్‌నగర్ వెనకాల ఒక గ్రౌండ్‌లో. సమ్మె అని వాయిదా వేయలేదు, రాకపోతే ఎదుటి జట్టు గెలిచినట్టే అన్నారు. దానికి తోడు ఇంకో మెలిక... బెంచీ మీద స్కూలు టీచరు ఒకరు కూర్చోవాలి, లేకపోతే మమ్మల్ని ఆటలోకి దిగనివ్వరు.

పొద్దున్నే నడక మొదలుపెట్టాం. చింతలకుంట దాకా హైవే అంతా మాదే... ఒక్క లారీ లేదు. బంతిని ఒకరికొకరం తన్నుకుంటూ పోయాం. ఆ ఏడు మేం చేసిన అసలైన ప్రాక్టీసు అదే అనుకుంటా.

మా పీఈటీ యాదగిరి సార్ ఎల్బీనగర్ చౌరస్తాలో చాప మీద కూర్చుని ఉన్నారు, చొక్కాకు నల్లబ్యాడ్జీ. మమ్మల్ని చూడగానే ఆయనకు విషయం అర్థమైంది.

"నేను సమ్మెల ఉన్న బిడ్డా," అన్నారు. "ఇన్నొద్దుల సంది వీళ్ళతోటి కూసున్న. ఇయ్యాల డ్యూటీకి పోతే వీళ్ళకు నా మొఖం ఎట్ల చూపియ్యాలె?"

ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. తప్పు పట్టడానికేం లేదు... మా నాన్న కూడా అదే సమ్మెలో ఉన్నాడు.

ఇంతలో మా ముందు విస్తర్లు వేసి వడ్డించేశారు. సార్ వస్తానంటేనే ముట్టేదని స్వరూపక్క చేతులు కట్టుకుని కూర్చుంది. మేమూ అంతే చేశాం. మా గోల్‌కీపర్ లావణ్య వాళ్ళది గుంటూరు వైపు. దానికి ఒకటే గుబులు. "అక్కా, నేను తినకపోతే ఇక్కడ వేరేగా అనుకుంటారేమో..." అని గొణిగింది.

"నువ్వు మా గోల్‌కీపర్‌వి. సప్పుడు చేయక కూసో," అంది అక్క.

గంటె పట్టుకుని వడ్డిస్తున్న పెద్దమ్మ ఒకామె మమ్మల్ని చూసి ఆగిపోయింది. పసిపిల్లలు పస్తుంటే మాకు ముద్దెట్లా దిగుతుందని గంటె బగోనలో పడేసింది. ఆ మాట భోజనాల బంతి చివరిదాకా పాకింది. ఒక్కొక్కరే చేయి వెనక్కి తీసుకున్నారు. చౌరస్తా అంతా మా సార్ వైపే చూస్తోంది... పాపం, ఆయన పరేషాన్.

అప్పుడడిగింది అక్క. "సార్, మీరు ఈడ ఏం చేస్తున్నరు?"

"కూసున్న."

"ఆడ గూడ కూసోండ్రి. ఒక్క మాట చెప్పకుండ్రి మాకు. అది డ్యూటీ ఎట్లయితది?"

ముందు ఆ పెద్దమ్మ నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. టీచర్ల సంఘం నాయకుడైన మా తెలుగు సార్ గడ్డం గోక్కుని, నోరు విప్పనంత వరకూ అది సమ్మె కిందికే వస్తుందని తీర్పు చెప్పారు. మేం గబగబా నాలుగు ముద్దలు మింగి, సార్‌ను వెంటబెట్టుకుని పరుగో పరుగు.

యాదగిరి సార్ మాట తప్పలేదు. బ్యాడ్జీ తీయలేదు, నోరు తెరవలేదు. మేం ఎడమ పక్క ఖాళీగా వదిలేసినప్పుడల్లా ఆయన సగం లేచి, మళ్ళీ కూలబడి, దస్తీ నోట్లో కుక్కుకునేవారు. ఎదుటి జట్టుది పెద్ద ప్రైవేటు స్కూలు, వాళ్ళ సార్ గొంతు గ్రౌండంతా మోగుతోంది. మాకు దారి చెప్పడానికి స్వరూపక్క గొంతు తప్ప ఇంకేం లేదు. లావణ్య రెండు చేతులూ దోక్కుపోయేలా దూకి దూకి ఆపింది.

గోల్ ఏమంత అందంగా పడలేదు. ఆట చివర్లో బురదలో ఆగిపోయిన బంతిని అక్క మోకాలితో, పొట్టతో, ఒళ్ళంతటితో లోపలికి తోసింది. ఆ తర్వాత విజిల్ పడేదాకా మేమంతా మా గోల్ ముందే గోడలా నిలబడ్డాం. గెలిచాం! సార్ ముఖం దస్తీలో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చారు... అప్పుడు కూడా ఒక్క మాట లేదు.

రెండో రౌండు నాటికి సమ్మె అయిపోయింది. సార్ గొంతు పోయేదాకా అరిచారు. మేం చిత్తుచిత్తుగా ఓడిపోయాం.

అందరం ఏడ్చాం, అక్క ఏడవలేదు. కూర్చుని తన బూట్లు విప్పి, బురద దులిపి నా ఒళ్ళో పెట్టింది.

"నేను ఒకటి గెలిచిన. నువ్వు రెండు గెలువు."

అవి నాకప్పుడు చాలా పెద్దవి. మరుసటి ఏడు సార్‌కు బదిలీ అయ్యింది... మా బడి మళ్ళీ టీమ్‌ను పంపనే లేదు. మేం ప్రాక్టీస్ చేసిన జాగాలో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇప్పుడు మా వీధి పిల్లలు ఫుట్‌బాల్ ఆడాలంటే నెట్టు కట్టిన గ్రౌండ్‌ను గంటల లెక్కన కిరాయికి తీసుకోవాలి.

అక్క బూట్లు నా కాళ్ళకు సరిపోయేసరికి ఆడటానికి జాగా లేదు, టీమూ లేదు. మీ బడికీ ఇలా గెలిచిన మ్యాచ్ ఒకటుంటే చెప్పండి... రెండోది గెలిచినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే వినాలని ఉంది.