ఊడ్చిన తోటలో కాయని కోకో

2003లో నేను అమలాపురంలో ఉద్యాన అధికారిగా పనిచేస్తున్నాను. కోనసీమలో ఉద్యాన అధికారి అంటే ముప్పావు వంతు కొబ్బరి అధికారే. మిగిలిన పావులో అరటి, కూరగాయలు, ఆ మధ్యనే అడుగుపెట్టిన కోకో సర్దుకోవాలి. కోకో కొబ్బరి నీడలో బాగా పెరుగుతుంది. ఒక పంట వరుసల మధ్య ఇలా రెండో పంట వేయడాన్ని మేం ఇంటర్ క్రాప్ అంటాం. చాక్లెట్ చేసేది ఈ గింజలతోనే అని చెబితే రైతులు అనుమానంగా చూసేవారు. కాయ కోసి గుజ్జు చప్పరించమంటే, చాక్లెట్ రుచి లేదేమిటని ఇంకా అనుమానంగా చూసేవారు.

ఆ వేసవి చివర్లో సత్యవతిగారు ఆఫీసుకి వచ్చారు. ఐనవిల్లి దాటాక ఒక చిన్న ఊళ్ళో ఆవిడకి మెరక తోట ఉంది. మా వైపు మెరక అంటే కొండా గుట్టా కాదు, వరి చేలకన్నా నడుమెత్తు ఎత్తున ఉన్న నేల. వరి పల్లంలో, కొబ్బరి మెరకలో. భర్త పోయాక తోట ఆవిడే చూసుకుంటున్నారు. కాగితాల్లో మాత్రం అది ఆవిడకీ, భర్త అన్నగారైన సూర్యారావుగారికీ ఉమ్మడి.

"చెట్టంతా పూతేనండీ మేడంగారూ. మొదలు దగ్గర్నించి కొమ్మ చివరిదాకా పువ్వులే. ఒక్క పిందె నిలబడదండి. తోటివాళ్ళు కాయలు కోసేసుకుంటన్నారు."

"ఎరువు తక్కువైందేమో చూద్దాం లెండి," అన్నాను.

"చూద్దాం అంటే నాకు టైము లేదండీ. వచ్చే వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేసేక పొక్లెయిన్ పెట్టించి ఆ తోటలో చేపల చెరువు తవ్విస్తానంటన్నారు మా బావగారు. కార్తీకం దాకా ఆగుతానన్నారు. అప్పటికి కాయ కనపడకపోతే నేనూ సంతకం పెట్టాలండి. తుఫాను తరవాత మా ఆయన తిరిగి పాతిన కొబ్బరి చెట్లండి అవి."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆవిడ నా మొహం కాకుండా బల్ల వైపు చూశారు. చెరువు తవ్వడం తప్పని నేను అనలేను, తవ్వినవాళ్ళు బాగానే ఉన్నారు. కానీ చెరువు నష్టమొస్తే పూడ్చి మళ్ళీ మెరక చేసుకున్నవాణ్ణి నేనైతే చూడలేదు.

తోటలోకి వెళ్తే చెప్పులు బయట విప్పాలేమో అనిపించింది. నేల మీద ఒక్క ఆకు లేదు. చీపురు గీతలు ముగ్గు గీసినంత శ్రద్ధగా ఉన్నాయి. రాలిన కోకో ఆకులన్నీ రోజూ ఊడ్చి, పోగుపెట్టి, సాయంత్రానికి తగలబెట్టేవారు. ఆ ఊళ్ళో తోట చూసి ఇల్లాలిని అంచనా కడతారు. భర్త లేని ఆడదాని తోట కదా అని ఎవరూ వేలెత్తి చూపకూడదని సత్యవతిగారు మిగతావాళ్ళకన్నా ఒక చీపురు ఎక్కువే వేసేవారు.

ఈ ఊడ్పుకి వెనక కథ ఉంది. తొంభై ఆరు తుఫానులో పడిపోయిన కొబ్బరి మాన్లు ఎక్కడివక్కడ కుళ్ళిపోయాయి. కుళ్ళిన మానుల్లో, పెంటపోగుల్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, ఆ పిల్లలు పెరిగాక బతికున్న కొబ్బరి నడినెత్తిన ఉండే లేత మొవ్వు తొలిచేస్తాయి. అందుకని మా శాఖవాళ్ళు ఊరూరా తిరిగి కుళ్ళిన మాన్లు తీసేయమన్నారు. మంచి మాటే. జనం మాత్రం ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టు, ఆకూ అలమూ గడ్డీ గాదమూ అన్నీ కాల్చేయడం మొదలుపెట్టారు. అలవాటు మర్యాద అయిపోయింది.

నీళ్ళు చూశాను, ఎరువు చూశాను, ఆకు తిప్పి పురుగు చూశాను. ఏ లోపమూ లేదు. తోటలో పిట్ట కూత కూడా వినపడకపోవడం వింతగా అనిపించింది గానీ దాన్నీ కాయ నిలబడకపోవడాన్నీ కలిపి ఆలోచించలేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు వరసగా చెట్లన్నీ చూసుకుంటూ తూర్పు మూలకి తిరగబోయాను. సత్యవతిగారు ముందుకొచ్చి అడ్డంగా నిలబడ్డారు.

"అటొద్దండీ, ఇటు రండి."

"ఏముందక్కడ?"

"ఏంలేదండీ. అరటి గెల కోసేక బోదెలు అక్కడ పడేస్తామండి. పచ్చిగా ఉంటాయి, కాలి చావవు. మీరు చూడదగ్గది కాదండి."

నాకు ఎవరైనా వద్దంటే కాలు అటే పోతుంది. చిన్నప్పట్నించీ ఉన్న గుణం. వెళ్ళాను. బోదెలు నల్లగా మగ్గి వాసన కొడుతున్నాయి. కంటికి ఆననంత చిన్న ఈగలు మొహం మీద ముసిరాయి. చేత్తో తోలుకుంటూ తలెత్తితే, ఆ పోగు చుట్టూ ఉన్న చెట్లకి కాయలున్నాయి! మానుకి అతుక్కుని, పచ్చగా, చారలతో, చెయ్యంత కాయలు.

"సత్యవతిగారూ, ఇవేమిటి?"

ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చి చూసి, కొంగు వదిలేశారు. "ఆయ్! ఇక్కడికొచ్చినప్పుడల్లా చెత్తకేసే చూసి సిగ్గుపడతా ఎల్లిపోయేదాన్నండి. చెట్టుకేసి చూడనేలేదు."

అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో ఒక శిక్షణ తరగతిలో, భోజనాల తర్వాత అందరం కునికిపాట్లు పడుతుంటే, పాఠం చెప్పేవారు చెప్పిన ముక్క. కోకో పువ్వు చొక్కా గుండీ అంత ఉంటుంది. తేనెటీగ అందులో దూరలేదు. దానికి పరాగ సంపర్కం చేసేది, అంటే పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి చేర్చేది, మిడ్జ్ అనే చిన్న ఈగ. అది గుడ్లు పెట్టేది తడి ఆకుల్లో, కుళ్ళిన అరటి బోదెల్లో. ఈ తోటలో ఆ ఈగ పుట్టిల్లు రోజూ సాయంత్రం తగలబడిపోతోంది.

ఇక ఊడ్వద్దన్నాను. ఆకు ఎక్కడ రాలితే అక్కడే ఉండనిచ్చి, బోదెల్ని ముక్కలు చేసి చెట్ల మధ్య పరచమన్నాను. ఇల్లలకగానే పండగ కాదంటారు, మాటైతే నేను చెప్పేశాను గానీ అసలు గొడవ అప్పుడే మొదలైంది. బోదెలు పరిచిన మర్నాడే, మేం తోటలో ఉండగా సూర్యారావుగారు వచ్చారు. తెల్ల పంచె, చేతిలో గొడుగు, మనిషి నెమ్మదస్తుడే.

"మేడంగారూ, చదువుకున్నోరు మీరు. తోటంతా చెత్త పోయించేరు, బానే ఉంది. ఇందులో పాము దూరితే కూడా మీరే చూసుకుంటారా అండీ?"

కోపంలో కూడా అండీ వదల్లేదు. పైగా ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. మా వైపు పాము భయం ఉత్త మాట కాదు.

సత్యవతిగారే అందుకున్నారు. "మనిషి నడిచే దారి ఊడుస్తానండీ బావగారూ. మనం దారి మీద నడుద్దాం. దారి అవతల ఆకు ఉంటాది."

"ఊరు నవ్వుద్దమ్మా."

"నవ్వనీండి. కార్తీకం దాకా మీరే కదండీ గడువిచ్చేరు."

ఊరు నవ్వింది. సత్యవతికి ఒంట్లో బాగోలేదా, తోట అలా వదిలేసింది అని పరామర్శకి కూడా వచ్చారట. ఆవిడ నాకు ఫోన్ చేసి, "పొద్దున్నే చెయ్యి చీపురు కోసం లాగేస్తందండీ," అని నవ్వారు. కుళ్ళిన కొబ్బరి మాను ముక్క ఒక్కటి కూడా ఉండకూడదనీ, పెంటపోగు తోటకి దూరంగా ఉండాలనీ మళ్ళీ మళ్ళీ చెప్పాను. కొమ్ము పురుగు వచ్చిందంటే ఆవిడ ముందు నేను తలెత్తుకోలేను.

వానలు పడ్డాక ఆకు మెత్తబడింది. నేను వెళ్ళిన ప్రతిసారీ తోటలో ఒక కొత్త ప్రాణి కనపడేది. మొదట కప్పలు. తర్వాత ఆకుల్ని కెలుక్కుంటూ గోరింకలు. ఆ తర్వాత కంచె పక్కనించి జెముడుకాకి. ఒకరోజు ముంగిస ఒకటి పిల్లల్ని వెంటేసుకుని ఆ ఊడ్చిన దారి మీదే దర్జాగా దాటిపోయింది. సత్యవతిగారు గొంతు తగ్గించి, "పాముల సంగతి ఇది చూసుకుంటాదని చెప్పండి మా బావగారికి," అన్నారు. అది అంత తేలిక లెక్క కాదని నాకు తెలుసు, అయినా ఆవిడ మొహంలో సంబరం చూసి ఊరుకున్నాను. శ్రావణం వచ్చినా చెట్ల మీద మాత్రం పూతే. ఆ తర్వాత నాకు అటు వెళ్ళడం కుదరలేదు. నాకు రాత్రుళ్ళు నిద్ర సరిగా పట్టేది కాదు.

కార్తీకం వచ్చింది. సూర్యారావుగారితో కలిసి తోట చూడ్డానికి వెళ్ళాను. తోట మధ్య వరసల్లో కూడా మానులకి పిందెలు పట్టి ఉన్నాయి. కొన్ని అప్పటికే చెయ్యంత అయ్యాయి. నా ప్రాణం లేచొచ్చింది. మరో నాలుగడుగులు వేసేసరికి మళ్ళీ ఉసూరుమంది. బాగా ఎదిగిన కాయలకి కన్నాలు. ఉడతలు తొలిచి, లోపలి గుజ్జు లాగేసి, డొల్లలు వదిలేశాయి.

"చూసేరా అండీ," అన్నారు సూర్యారావుగారు. "కాసిన నాలుగూ ఉడతల పాలు."

బోను పెట్టమందామా, వల కట్టమందామా అని నేను వెతుక్కుంటుండగా సత్యవతిగారు ఒక డొల్ల కాయ చేతిలోకి తీసుకుని, బావగారికేసి తిరిగారు. "నాలుగేళ్ళ బట్టి ఈ తోటలోకి ఉడత కూడా రాలేదండీ బావగారూ. వస్తే ఏం తింటాది? ఇయ్యాల వచ్చిందంటే మనింట్లో తిండుందని దానికి తెలిసింది. అది తిన్నాక కూడా మనకి మిగిలింది చూడండి పైన."

ఆయన పైకి చూశారు. గొడుగు చంకలో పెట్టుకుని వరస వెంట నడిచి, ఒక్కో మాను దగ్గరా ఆగి, కాయ మీద చెయ్యి వేసి చూశారు. ఆఖర్న వంగి, పిడికెడు ఆకు తీసి, నలిపి, వాసన చూశారు.

"మేడంగారూ, ఈ ఆకు పూర్తిగా మట్టవ్వాలంటే ఎన్నాళ్ళు పడుద్దండీ?"

చెరువు తవ్వదలుచుకున్నవాడు ఆ ప్రశ్న అడగడు. సత్యవతిగారికీ అది తెలిసింది. పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. "ఏడాది పైనే పడుతుందండీ," అన్నాను.

వేసవిలో కాలవలు కట్టేశాక పొక్లెయిన్ వచ్చింది. సూర్యారావుగారు తన సొంత పల్లపు చేలో చెరువు తవ్వించుకున్నారు, మెరక జోలికి రాలేదు. ఆ తర్వాత నా ఉద్యోగంలో చాలా తోటలు చూశాను. తోట శుభ్రంగా ఉంచండి అనే మాట మాత్రం మళ్ళీ ఎవరికీ చెప్పలేదు. ఏది తీసేయాలో పేరు పెట్టి చెబుతాను, ఏది ఉంచాలో, ఎవరి కోసం ఉంచాలో కూడా చెబుతాను. ఉడతలు తింటున్నాయని ఏ రైతైనా కోపంగా వస్తే, మందు సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు మీ తోట బతికే ఉందన్న మాట, సంతోషించండి అంటాను. కొందరు నవ్వుతారు, కొందరు నన్ను తిట్టుకుంటూ వెళ్ళిపోతారు.