నాలుగుంబావు బస్సు పిల్లలు

శనివారం పొద్దున ఏడున్నరకు ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సెక్కినా. ఈ ఊర్లో ఒక ప్రభుత్వ హైస్కూలుకు హెడ్‌మిస్ట్రెస్‌ని నేను. సెలవు పెట్టి మరీ బయల్దేరేదానికి కారణం మా ఎనిమిదో తరగతి గంగాదేవి. రాజుపాలెం పక్క పల్లె నుంచి వస్తాది. అక్షరాలు కూడబలుక్కుంటాది గానీ, లైను చివరికి పోయేసరికి మొదట్లో ఏముండిందో మర్చిపోతాది. గురువారం వాళ్ళ నాయన ఓబుల్‌రెడ్డి బడికొచ్చి, "చదువు రానిదానికి ఈ తిరుగుడు యాల మేడమ్? ఆర్నెల్ల పరీక్షలైనాక మానిపిస్తా. వాళ్ళమ్మతో పాటు చేనికి పోతాది" అని తెగేసి చెప్పి పోయినాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ పిల్లకు చదవడం రాని మాట నిజమే గదా.

సోమవారం స్టాఫ్ మీటింగు. బడిని బాగుచేసే ప్లాను ఆ రోజే తేల్చాల. మా టీచర్లంతా ఒకటే పాట, నాలుగింటికి బడి వదిలినాక పెట్టే స్పెషల్ క్లాసును ఇంకో గంట పొడిగిద్దామని. వేరే ఉపాయం తోచక నేనూ తలూపినా. తలైతే ఊపినా గానీ మనసు ఒప్పలేదు. జమ్మలమడుగులో ఒక బడి, పులివెందులలో ఒక బడి వెనకబడిన పిల్లోళ్ళను బాగా చదివిస్తాండాయని విని, చూసొద్దామని లేచినా.

ఆడోళ్ళకు బస్సు ఫ్రీ గదా, ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్ కొట్టిచ్చినాడు. పక్క సీట్లో ఎవురో గుడ్డలంగడి వాళ్ళావిడంట, ఒళ్ళో స్టీలు టిఫిను పెట్టుకోని కూర్చోనుంది.

"యాడికిమ్మా, పెండ్లికా?" అనింది.

"లేదమ్మా, బడి చూసేదానికి."

"నువ్వు చూస్తే టీచరు మాదిరుండావు. ఎప్పుడూ బడి చూడల్యాదా?"

బస్సంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్విందానికి పరిహారంగా కాబోలు, టిఫిను తీసి ఒక పూర్ణం ఓళిగ చేతిలో పెట్టింది. నెయ్యి బాగా తగిలించింది తల్లి.

దావకు రెండు పక్కలా నల్లరేగడి, మొలకెత్తిన శనగ. ఎనిమిదిన్నర లోపల జమ్మలమడుగులో దిగినా. బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి శానా బాగుండాయి. నా వెనక పోయేవాళ్ళు తొమ్మిదిలోపల పోండి, తర్వాత ఉగ్గాని దొరకదు.

బడిలో నాకు తెలిసిన మనిషి శంషాద్ టీచరు. ట్రైనింగుల్లో కలిసిన స్నేహం. వరండాలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకోని, ఒక పిల్లోణ్ణి కూర్చోబెట్టుకోని చదివిస్తాంది. వాడు తప్పు చదివినా దిద్దలేదు. ఊరికే విని, అయినాక ఇంటి సంగతులు అడిగింది. ఎట్లొస్తావు, ఎవురితో వస్తావు, ఇంటికి పోయినాక ఏం చేస్తావు.

"ఇదేందమ్మా, పెండ్లిచూపులా?" అన్నా.

"మార్కులు చూస్తే పిల్లోడు తప్పినాడని తెలుస్తాదక్కా. యాడ తప్పినాడో తెలీదు. పక్కన కూర్చోబెట్టుకోని వింటేనే తెలుస్తాది. ఒకడికి ఒత్తులు రావు, ఒకడికి బోర్డే కనపడదు. అందరికీ ఒకే మందు పోస్తే ఎట్ల?"

తర్వాత నా మీదికి తిరిగింది. "మీ స్పెషల్ క్లాసులో కూర్చునేది ఎవురక్కా?"

"టౌను పిల్లోళ్ళు. బుద్ధిగా కూర్చుంటారు."

"సరిగా చదవలేనోళ్ళో?"

"ఎక్కువ మంది పల్లెలోళ్ళు. ఉండమంటే ఉండరు. శ్రద్ధ ల్యా."

"వాళ్ళ బస్సెన్నింటికి?"

నాలుగుంబావుకు. అది పోతే మళ్ళీ పొద్దు గూకినాకనే. ఆ మాట పైకి చెప్తా చెప్తానే నాకు అర్థమైపోయింది. చదవగలిగేవాళ్ళను కూర్చోబెట్టి చెప్తాండాం, చదవలేనోళ్ళను బస్సెక్కించి పంపిస్తాండాం. ఇంకో గంట పొడిగించి ఎవురిని ఉద్ధరిద్దామని! సిగ్గుతో తల కొట్టేసినట్లయింది. శంషాద్ టీ తెప్పించింది.

పదకొండుకు పులివెందుల బస్సు. పెన్న దాటి, ముద్దనూరు మీదుగా, తొండూరు దాటినాక చీనీ, అదే బత్తాయి తోటలు మొదలైనాయి. దావంతా నా బుర్రలో ఒకటే లెక్క, బడి టైములోనే క్లాసు పెట్టాలంటే ఏ పీరియడు కొయ్యాల, ఏ టీచరుతో కొట్లాడాల. పులివెందులలో దిగి సంగటి, ఊరుబిండి పచ్చడి గబగబా తినేసి, బడిలో మధ్యాహ్నం గంట కొట్టేలోపల చేరుకున్యా.

గంట మోగడంతో బడంతా లేచింది. ఆరు నుంచి తొమ్మిది దాకా అన్ని తరగతుల పిల్లోళ్ళూ సంచులెత్తుకోని అటూ ఇటూ పరిగెత్తినారు. ఆ ఒక్క పీరియడూ తరగతులుండవు. ఎవురికి ఎంతమాత్రం చదవడమొచ్చో దాన్నిబట్టి గుంపులు.

"పెద్ద పిల్లను చిన్నోళ్ళ పక్కన కూర్చోబెడితే నామర్దా కాదా సార్?" అని హెడ్మాస్టర్ని అడిగినా. నా కండ్లముందు గంగాదేవే ఉంది.

"మొదట్లో ఏడ్చినారు మేడమ్. అందుకే బాగా చదివేవాళ్ళను గూడా లేపి వేరే గదులకు పంపిస్తాండాం. అందరూ కదిలితే ఎవురు యాడికి పోతాండారో ఎవురికీ పట్టదు. పదైదు దినాలకొకసారి మళ్ళీ విని గుంపులు మారుస్తాం."

"టీచర్లు ఒప్పుకున్యారా?"

"మొదట్లో లెక్కల సారు నాతో మాట్లాడ్డం మానేసినాడు" అని నవ్వినాడు. "ఇప్పుడు లెక్కలో ఏమడుగుతాండారో పిల్లోళ్ళే చదువుకుంటాండారు గదా, ఆయప్పే అందరికంటే ముందు గదికి పోతాండాడు. అందరికీ వచ్చేసిందని మాత్రం చెప్పను మేడమ్. ఇంకా శానామంది తడబడతాండారు."

ఆ చివరి మాటకే ఆయన మీద నమ్మకం కుదిరింది నాకు.

నాలుగింటికి ప్రొద్దుటూరు బస్సు దొరికింది. కిటికీ పక్క సీటు. ఐదు దాటినాక, పాప ఇల్లు చేరింటాదని, ఓబుల్‌రెడ్డికి ఫోన్ చేసినా.

"ఏమప్పా ఓబుల్‌రెడ్డీ, పాపను మానిపించొద్దు. సాయంత్రం స్పెషల్ క్లాసు బదులు ఇంకమీదట మధ్యాహ్నమే, బడి టైములోనే చదవడం నేర్పిస్తాం. నేనే పక్కన కూర్చుంటా."

"బస్సు తప్పిపోదు గదా మేడమ్?"

"తప్పదప్పా, నాది పూచీ."

"ఇన్నాళ్ళూ సాయంత్రం క్లాసొకటి ఉందనే తెలీదే నాకు. ఈ పాప చెప్పల్యా. సరే మేడమ్, ఈ సంవత్సరమంతా చూద్దాం. ఉండండి, ఈడనే ఉంది, మీరే చెప్పండి."

"ఏమ్మే గంగాదేవీ, సాయంత్రం క్లాసు సంగతి మీ నాయనతో ఎందుకు చెప్పల్యా? అడిగింటే ఏదో ఒక దావ చూసేవాడు గదా?"

"అది బాగా చదివేవాళ్ళకు గదా మేడమ్" అనింది ఆ పిల్ల. "ఉండేది ఎప్పుడూ వాళ్ళే గదా."

నాకు దుఃఖమొచ్చింది. కొంగుతో మొగం తుడుచుకున్యా. పొద్దున్నుంచి రెండూర్లు తిరిగినా, రెండు బడులు చూసినా, మంచి మనుషుల్ని కలిసినా. పోయేవాళ్ళుంటే తప్పకుండా పోండి, శానా నేర్చుకుంటారు. కానీ బయల్దేరే ముందు మీ బడిలో చివరి బెంచీ పిల్లోళ్ళను ఒకసారి అడిగి పోండి.

"కాదమ్మా, అది నీకే" అన్నా. "మొదట్నుంచీ నీకే."

"నిజంగానా మేడమ్?" అనింది. ఆపైన ఫోన్ వాళ్ళ నాయనకు ఇయ్యడం గూడా మర్చిపోయి, "మాయమ్మోయ్!" అని అరుస్తా ఇంట్లోకి పరిగెత్తింది.