ఆసామి అమ్మిన రాళ్లు

దర్జీ పొద్దున్నే మైదానంలోకి వచ్చి, గుడ్డలో మరిచిపోయిన సూదిని వెతికినట్టు పచ్చికను అరచేత్తో తడుముతాడు. గులకరాయి తగిలితే గోటితో పెకలిస్తాడు. ఒకప్పుడు దర్జీ ఉన్న ఊరి క్రికెట్ జట్టు ఆసామి బీడులో ఆడేది. ఫైనల్ రోజున ఆసామి పిచ్ మీద నాగలి తోలించాడు. పైగా "మీ ఆటకు ఇది చాల్లే" అని నవ్వుతూ పక్కనున్న ఈ రాళ్ల నేలను జట్టు క్లబ్బుకు అంటగట్టాడు. దర్జీ ఏరిన చిన్నా పెద్దా ప్రతి రాయినీ ఆసామి పొలం వైపే పేర్చుకుంటూ వచ్చాడు. రాళ్లు లేచిన చోట పచ్చిక పసిబిడ్డ జుట్టులా మొలిచింది. పేర్చిన చోట గోడ లేచి, ఆసామి ఇంటికెళ్లే అడ్డదారి మూసుకుపోయింది.

నిన్న ఆసామి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ గోడవతల ఆగాడు.

"ఒక్క మనిషి పట్టేంత సందు వదలరా అల్లుడూ. చుట్టూ తిరగలేకపోతున్నాను."

"నీ రాళ్లే కదా మామా, అడిగి చూడు. జరుగుతాయేమో."

"ఎప్పటి మాటరా అది! ఇంకా మరిచిపోలేదా?"

"మరిచిపోదామనే రోజూ ఏరుతున్నా."

దర్జీ పైవరుసలో కదులుతున్న రాయిని రెండు చేతులా ఎత్తాడు. ముసలాయన మొహం విప్పారింది. దర్జీ ఆ రాయిని తిరగేసి, కదలకుండా బిగించి, చేతులు దులుపుకున్నాడు.